పాచిక చెప్పని కథ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున, లేక్ జెనీవా అని చిన్న ఊరు. 1980ల తొలినాళ్లలో ఒకనాడు ఆ ఊళ్లో ట్రేసీ హిక్‌మన్ అపార్ట్‌మెంట్‌లో కొందరు స్నేహితులు ఆటకు కూర్చున్నారు. బల్ల నిండా కాగితాలు, పెన్సిళ్లు, రకరకాల ముఖాలున్న పాచికలు. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర ఇచ్చారు. టెరీ ఫిలిప్స్ అనే ఆయనకు రైస్ట్‌లిన్ అనే కుర్ర మాంత్రికుడు వచ్చాడు. చేతికిచ్చిన కాగితంలో ఉన్నవి దాదాపు అన్నీ అంకెలే. బలం ఇంత, తెలివి ఇంత, ఎన్ని దెబ్బలకు తట్టుకుంటాడో ఆ లెక్క ఇంత.

ఆట మొదలైంది. హిక్‌మన్ మాంత్రికుణ్ని ఏదో అడిగాడు. టెరీ జవాబిచ్చాడు, తన గొంతుతో మాత్రం కాదు. గుసగుసగా, గరగరలాడే గొంతుతో, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటున్నవాడిలా పలికాడు. అప్పటిదాకా కాగితం మీదున్న రైస్ట్‌లిన్ ఆ క్షణంలో గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

ఆ బల్ల దగ్గరే మార్గరెట్ వైస్ కూడా ఉంది. హిక్‌మన్ పనిచేసే ఆటల కంపెనీలోనే పుస్తకాల ఎడిటర్. ఆ గొంతు ఆమె చెవిలో ఉండిపోయింది. 1984 నవంబరులో వైస్, హిక్‌మన్ కలిసి రాసిన ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’ బయటికొచ్చింది. అందులో రైస్ట్‌లిన్ గుసగుసగానే మాట్లాడతాడు. మాట మధ్యలో దగ్గు తెర వస్తే పెదాలకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాడు. నలభై ఏళ్లు దాటినా ఆ గొంతును తలుచుకునే పాఠకులు లోకమంతా ఉన్నారు. ఒక మనిషి ఆటలో సరదాగా మార్చిన గొంతు అది.

కొత్త సంవత్సరం పొద్దున్నే

2026 జనవరి 1న మా ఇంట్లో టీవీ పొద్దున ఆరున్నరకే వెలిగింది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ ఆఖరి ఎపిసోడ్ మన టైము ప్రకారం అప్పుడే విడుదలైంది. 2016లో ఆ సిరీస్ మొదలైంది నలుగురు పిల్లలు ఇంటి బేస్‌మెంట్‌లో ఆడుకుంటున్న ఆటతో. ముగిసిందీ అదే బల్ల దగ్గర. పిల్లలు తమ శత్రువులకు పెట్టుకున్న డెమోగోర్గన్, మైండ్ ఫ్లేయర్, వెక్నా అనే పేర్లన్నీ ఆ ఆటపుస్తకాల్లోంచి తీసుకున్నవే. ఆట పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. ఆడేవాళ్లు ముద్దుగా డీ అండ్ డీ అంటారు.

ఎపిసోడ్ అయిపోయింది. మా అన్నయ్య కూతురు కళ్లు తుడుచుకుని, బ్యాగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టింది. ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. “అత్తా, రెండేళ్లుగా మేం ఆడుతున్న ఆట ఇది. నవలగా రాద్దామనుకుంటున్నా. చదివి చెప్పవా?” అంది.

నేను చదివాను. మొదటి నాలుగు పేజీలు చదివేసరికి అర్థమైంది, ఈ పిల్లకు వచ్చిన చిక్కు పెద్దదని. అదే చిక్కు యాభై ఏళ్లుగా చాలామంది రచయితలకు ఎదురైంది. వాళ్లలో కొందరు దాన్ని దాటారు. ఎలా దాటారన్నదే ఈ కథనం.

చాప మీద ఇరవై ముఖాల పాచిక

ముందు ఆట సంగతి. కూకట్‌పల్లిలో వాళ్ల ఫ్లాట్‌కి ఒక ఆదివారం వెళ్లి పక్కన కూర్చుని చూశాను. హాల్లో చాప పరిచి ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో మిర్చిబజ్జీల పొట్లం, గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసిన ఒక కోట. ఒకరు కథ నడిపిస్తారు. ఆ మనిషిని డీఎం అంటారు, డన్జన్ మాస్టర్ అని. మిగతా నలుగురివీ నాలుగు పాత్రలు. “కోట తలుపు మూసి ఉంది. లోపల ఎవరో ఏడుస్తున్నారు. ఏం చేస్తారు?” అని డీఎం అడుగుతుంది. ఒకడు తలుపు పగలగొడతానంటాడు. ఒకమ్మాయి కిటికీ ఎక్కుతానంటుంది. అది అయ్యే పనో కాదో తేల్చేది పాచిక.

ఆ పాచికను చేతిలోకి తీసుకుని చూశాను. ఉసిరికాయంత ఉంది. నీలం రంగు, బంగారు అంకెలు. ఇరవై ముఖాలు, ఒక్కొక్కటీ త్రికోణం. ఏ రెండు ఎదురెదురు ముఖాల అంకెలు కలిపినా 21 వస్తుంది. మన పచ్చీసులో గవ్వలు వేస్తే కాయ నడుస్తుంది, వైకుంఠపాళిలో పందెం వేస్తే పాము నోట్లోనో నిచ్చెన మీదో పడతాం. ఇక్కడ పాచిక కాయను నడపదు. మనిషి తలపెట్టిన పని నెరవేరిందో లేదో చెబుతుంది. పని ఫలిస్తే మనం ‘పాచిక పారింది’ అంటాం చూడండి, ఈ ఆటలో ఆ మాట అక్షరాలా నిజం.

తలుపు పగలగొడతానన్న కుర్రాడికి 1 పడింది. అంతా ఘొల్లున నవ్వారు. తలుపు కదల్లేదు సరికదా, భుజం జారి వాడే కింద పడ్డాడు. శబ్దం విని కావలివాళ్లు వచ్చేశారు. డీఎం అనుకున్న కథ అడ్డం తిరిగింది. మిగతా రెండు గంటలూ అందరూ ఆ కుర్రాణ్ని కాపాడుకోవడంతోనే సరిపోయింది. చూస్తున్న నాకే గుండె దడదడలాడింది.

నోట్‌బుక్‌లో అదే ఘట్టం చదివితే ఏమీ అనిపించలేదు. ఫలానావాడు తలుపు మీదికి దూకాడు, పడ్డాడు, కావలివాళ్లు వచ్చారు, ఇతను కత్తి దూశాడు, తగిలింది, అతను కత్తి దూశాడు, తగల్లేదు. అన్నీ జరిగినవే, వరుస కూడా తప్పలేదు. ఆ గదిలోని భయం మాత్రం పేజీ మీద లేదు. బల్ల దగ్గర పాచిక దొర్లుతున్న ఆ రెండు క్షణాలూ ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఆ ఉత్కంఠ అంతా అక్కడుంది. కాగితం మీదికి వచ్చేసరికి పాచిక ఆగిపోయి ఉంటుంది. పాఠకుడికి ఇంకేదో కావాలి.

పిల్లలకు బూట్లు కొనాలి

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో పుట్టింది. తయారుచేసింది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. గైగాక్స్ అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేశాడు, తర్వాత చెప్పులు కుడుతూ ఇల్లు నెట్టుకొచ్చాడు. మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. లేక్ జెనీవాలో ఆయన ఇంట్లోనే కూర్చుని చేత్తో సర్దారు. ఆయన పెట్టిన కంపెనీ పేరు టీఎస్ఆర్.

ట్రేసీ హిక్‌మన్ ఆ కంపెనీ గడప తొక్కడానికి కారణం పేదరికం. యూటాలో ఉండేవాడు. సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దాడు, సినిమా హాల్లో ప్రొజెక్టర్ తిప్పాడు, గాజు పని చేశాడు. భార్య లారాతో కలిసి ఇంట్లో ఆటలు రాసుకుని తామే అచ్చు వేసుకునేవారు. చేతిలో డబ్బు అయిపోయి, పిల్లలకు బూట్లు కొనాలన్న ఒక్క అవసరంతో ఆ ఆటల్ని టీఎస్ఆర్‌కి అమ్మజూపానని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆటలు కొనడం కన్నా మిమ్మల్నే ఉద్యోగంలోకి తీసుకోవడం తేలికని కంపెనీ అంది. 1982లో భార్యాభర్తలు పిల్లల్ని కారెక్కించుకుని విస్కాన్సిన్ బయల్దేరారు. ఆ దూర ప్రయాణంలో, కారులో, మాటల మధ్య ఒక లోకం తయారైంది. ఆట పేరులో డ్రాగన్లున్నాయి గాని ఆటలో వాటికి తగిన చోటు లేదు. డ్రాగన్లే యుద్ధం చేసే లోకం ఎలా ఉంటుంది? అదే ‘డ్రాగన్‌లాన్స్’ అయింది.

కంపెనీ పెద్ద పథకమే వేసింది. వరుసగా ఆటపుస్తకాలు, వాటికి తోడు నవలలు. నవల రాయడానికి బయటి రచయితను పెట్టుకున్నారు గాని కుదరలేదు. అప్పటికే ఆ పాత్రలతో ఆడి, వాటితో కలిసి బతుకుతున్న వైస్, హిక్‌మన్‌లకు మనసు ఊరుకోలేదు. ఒక వారాంతం కూర్చుని మొదటి ఐదు అధ్యాయాలు రాసి చూపించారు. పని వాళ్లకే వచ్చింది.

మొదటి నవలలో ఆటపుస్తకం వాసన వస్తుంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఈ రాక్షసుడి నుంచి ఆ రాక్షసుడికి కథ నడుస్తూ ఉంటుంది. అభిమానులకు కోపం వచ్చినా సరే, నా అభిప్రాయం ఇదే. రెండో నవలకు వచ్చేసరికి రచయితలు పగ్గం తెంచుకున్నారు. ఆటలో నెలల తరబడి సాగే ఒక పెద్ద సాహసాన్ని, మరగుజ్జుల నగరంలో సుత్తి కోసం జరిగే వేటను, నవలలో ఏకంగా దాటేశారు. పుస్తకం తెరిచేసరికి అది జరిగిపోయి ఉంటుంది. ఆ వదిలేసిన భాగాన్ని 2006లో, ఇరవై ఏళ్ల తర్వాత, వేరే నవలగా రాశారు. దాటేసిన చోట మిగిలిన పేజీల్లో మనుషులు వచ్చి కూర్చున్నారు. స్టర్మ్ అనే వీరుడు కోట గోడ మీద ఒంటరిగా నిలబడి డ్రాగన్‌ను ఎదిరించి చనిపోయే ఘట్టం ఈ రెండో పుస్తకంలోనే ఉంది. తన గౌరవం కోసం వాడు అక్కడ నిలబడ్డాడని అప్పటికి పాఠకుడికి తెలుసు. అందుకే ఆ చావు గుండెకు తగులుతుంది.

బాక్స్: పుస్తకంలోంచి ఆట, ఆటలోంచి పుస్తకం

1979లో వచ్చిన డన్జన్ మాస్టర్ల గైడ్ చివర గైగాక్స్ ఒక చిన్న జాబితా ఇచ్చాడు. తనకు ఈ ఆట స్ఫురించడానికి కారణమైన కథలూ రచయితలూ అవి. ‘అపెండిక్స్ ఎన్’ అనే ఆ జాబితాను పట్టుకుని పాత పుస్తకాలు వెతుక్కునే ఆటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆటలోంచి నవల మాత్రం అంతకన్నా ముందే వచ్చింది. ప్రసిద్ధ రచయిత్రి ఆండ్రీ నార్టన్‌ను గైగాక్స్ తన గ్రేహాక్ లోకంలో ఆడటానికి పిలిచాడు. ఆ అనుభవంతో ఆమె 1978లో ‘క్వాగ్ కీప్’ రాసింది. మన లోకంలో ఆడుకుంటున్నవాళ్లు ఆట లోకంలోకి లాగబడతారు. వాళ్ల చేతి కడియాలకు పాచికలు బిగించి ఉంటాయి. అవి తిరిగినప్పుడల్లా ప్రమాదం ముంచుకొస్తుంది.

బంగారు చర్మం ఎందుకు?

మళ్లీ రైస్ట్‌లిన్ దగ్గరికి వస్తాను. నాకు తెలిసి, ఆట నుంచి కథ పుట్టే ఘడియ ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

వైస్ చేతికి వచ్చేనాటికే అతని రూపం ఖాయమైంది. ఒళ్లు బంగారు రంగు, కనుపాపలు ఇసుక గడియారం ఆకారం. ఆటలో అలాంటివి సరదాకి పెడతారు, చూడగానే గుర్తుండాలని. ఎవరూ కారణం అడగరు. వైస్ అడిగింది. ఇతని ఒళ్లు ఇలా ఎందుకైంది? ఆ కళ్లతో లోకం ఎలా కనిపిస్తుంది?

ఆమెకు దొరికిన జవాబే ఆ పాత్రకు ప్రాణమైంది. మాంత్రికుడు కావాలంటే ఒక పరీక్ష దాటాలి. దాటినవాడు ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. రైస్ట్‌లిన్ ఒంట్లో సత్తువ పోగొట్టుకున్నాడు. ఆ కళ్లు శాపం. ఎవర్ని చూసినా కాలం వాళ్లను తినేయడమే కనబడుతుంది. ఎదురుగా అందమైన అమ్మాయి నిలబడితే అతని చూపులోనే ఆమె ముడతలు పడి, వాడి, రాలిపోతుంది. పచ్చని చెట్టు ఎండిపోతూ కనిపిస్తుంది. అలాంటి కళ్లున్నవాడు ఎవర్ని ప్రేమించగలడు? పక్కనే అతని కవల సోదరుడు కారమన్ ఉంటాడు. ఏనుగంత బలం, పసిపిల్లాడి మనసు. తమ్ముడికి మందు కాచి ఇస్తాడు, నడవలేకపోతే ఎత్తుకుంటాడు. ఆ సేవ అందుకుంటూ, అందుకే అన్నను ద్వేషిస్తూ రైస్ట్‌లిన్ బతుకుతాడు. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఈ జంట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకరి మంచితనం ఇంకొకరికి భారమవడం మనం చూస్తూనే ఉంటాం.

పాచిక ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. ఆ ‘ఎందుకు’ అడగడమే రచయిత పని. మా అమ్మాయి నోట్‌బుక్‌లో నాకు కనపడని మాట అదొక్కటే.

ఫోన్‌లో పుట్టినవాడు

టీఎస్ఆర్‌కి మరో లోకం కెనడా నుంచి వచ్చింది. ఎడ్ గ్రీన్‌వుడ్ లైబ్రరీ ఉద్యోగి. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే, ఆట పుట్టకముందే, తన కథల కోసం ఒక లోకాన్ని అల్లుకోవడం మొదలుపెట్టాడు. దాన్ని కంపెనీకి అమ్మాక అట్టపెట్టెల నిండా రాతలూ మ్యాపులూ పోస్టులో పంపాడు. 1987లో ‘ఫర్‌గాటెన్ రెల్మ్స్’ పేరుతో అది ఆటగా విడుదలైంది. అంత పెద్ద లోకానికి రచయితలు కావాలి.

మసాచుసెట్స్ నుంచి ఆర్.ఎ. సాల్వటోర్ అనే యువకుడు, పగలు ఉద్యోగం చేసుకుంటూ రాసిన నవలను వాళ్లకు పంపాడు. అది తీసుకోలేదు గాని, మా లోకంలో రాస్తావా అని అడిగారు. అతను అనుకున్న నాయకుడు వుల్ఫ్‌గార్ అనే మంచుదేశపు కుర్రాడు. పక్కన తోడు పాత్ర ఒకటి ఉండాలి. మొదట పెట్టుకున్న పాత్ర వేరే రచయితది కావడంతో వాడే వీలు లేకపోయింది. ఎడిటర్ మేరీ కిర్చాఫ్ మీటింగుకి వెళ్లే హడావుడిలో ఫోన్ చేసి, కొత్తది ఇప్పుడే కావాలంది. వారం ఆగితే చెబుతానన్నాడు. ఆగడానికి లేదంది. అతని నోటికి ఏదొస్తే అది చెప్పేశాడు, డార్క్ ఎల్ఫ్ అని. పేరేమిటని అడిగితే అప్పటికప్పుడు నోరు తిరగని ఒక పేరు పలికాడు. స్పెల్లింగ్ చెప్పగలవా అంటే చెప్పలేనన్నాడు.

ఆ పేరు డ్రిజ్ట్. 1988లో ‘ది క్రిస్టల్ షార్డ్’తో వచ్చాడు. తోడుగా వచ్చినవాడు నాయకుణ్ని పక్కకు నెట్టేశాడు. ఇప్పటికి అతని మీద ముప్పైకి పైగా నవలలున్నాయి.

ఎందుకు నిలబడ్డాడు? ఆట రూల్ ప్రకారం డార్క్ ఎల్ఫులు, అంటే డ్రౌ జాతివాళ్లు, పుట్టుకతోనే దుర్మార్గులు. భూమి అడుగున ఉంటారు, సాలీడు దేవతను కొలుస్తారు. ఆటపుస్తకంలో అది ఒక లైను, జాతి పేరు ఎదురుగా ‘చెడ్డ’ అని రాసి ఉంటుంది. సాల్వటోర్ ఆ లైను కింద ఒక పిల్లాణ్ని నిలబెట్టాడు. ఆ జాతిలో పుట్టి, ఆ పనులు చేయలేక, ఇల్లు వదిలి పైకి వచ్చినవాడు. పైలోకంలో ఎవరి గుమ్మం తట్టినా అతని రంగు చూసి తలుపేసుకుంటారు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే దేశంలో ఉన్న మనకు ఆ తలుపు చప్పుడు కొత్తది కాదు. నల్లని ఒళ్లున్న జాతి మొత్తాన్నీ దుర్మార్గులుగా చూపించడమేమిటని తర్వాత ఆటగాళ్లే కంపెనీని నిలదీశారు. చూపే తీరు మారుస్తామని 2020లో కంపెనీ ప్రకటించింది. 2021లో సాల్వటోర్ నవల ఒకటి వేరే దారిలో బతికే డ్రౌలను తీసుకొచ్చింది. కథ అడిగిన ప్రశ్న చివరికి రూల్‌బుక్ దాకా వెళ్లింది.

బాక్స్: జపాన్‌లో ‘రీప్లే’

1986లో జపాన్‌లో ‘కాంప్టిక్’ అనే కంప్యూటర్ పత్రిక ఒక కొత్త శీర్షిక మొదలుపెట్టింది. గ్రూప్ ఎస్ఎన్ఈ అనే మిత్రబృందం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటే, వాళ్ల మాటల్ని నాటకంలా రాసి అచ్చు వేసేవారు. దానికి ‘రీప్లే’ అని పేరు. ఆట నడిపిన ర్యో మిజునో అదే కథను 1988లో నవలగా రాశాడు. అదే ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’. 1990 నుంచి యానిమేషన్ కూడా వచ్చింది. అందులోని ఎల్ఫ్ కన్య డీడ్‌లిట్ జపాన్ ఫ్యాంటసీకే ముఖచిత్రమైంది. ఆట బల్ల దగ్గర ఆ కన్యగా ఆడింది సైన్స్ ఫిక్షన్ రచయిత హిరోషి యమమోతో. అవును, ఒక మగవాడు. మన వీధి భాగవతాల్లో సత్యభామ వేషం కట్టిన మగవాళ్లను చూసిన పెద్దలకు ఇది వింతగా ఉండదు.

ఆటగాడు మానేస్తే

బల్ల మీద మొదలై పుస్తకంలోకి వెళ్లిన కథలు ఇంకా చాలా ఉన్నాయి. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్‌కి 1983లో పుట్టినరోజు కానుకగా ‘సూపర్‌వరల్డ్’ అనే ఆట వచ్చింది. స్నేహితులతో కలిసి ఆ ఆటలో పడి రాత పక్కన పెట్టేశాడు. ఇంత సమయం పోసిన ఆట అన్నం కూడా పెట్టాలి కదా అనిపించి, ఆ పాత్రలతో అందరూ తలా ఒక కథ రాశారు. 1987లో మొదలైన ‘వైల్డ్ కార్డ్స్’ సంకలనాలు అవే. స్టీవెన్ ఎరిక్సన్, ఇయాన్ ఎస్సల్‌మాంట్ ఇద్దరూ పురాతత్వవేత్తలు. 1980లలో తాము ఆడుకున్న లోకాన్నే ‘మలజాన్’ నవలలుగా రాశారు.

నాకు ఎక్కువ నచ్చినది మాత్రం ‘ది ఎక్స్‌పాన్స్’ సంగతి. అది మంత్రాల కథ కాదు, అంతరిక్షం కథ. టై ఫ్రాంక్ నడుపుతున్న ఆటలో చేరిన డేనియల్ ఏబ్రహమ్, ఇది నవల కావాలన్నాడు. ఇద్దరూ కలిసి జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే కలం పేరుతో 2011లో మొదటి పుస్తకం తెచ్చారు. అందులో షెడ్ అనే వైద్యుడు ఉన్నట్టుండి, మాట మధ్యలో, దూసుకొచ్చిన గుండుకి తల ఎగిరిపోయి చనిపోతాడు. ముందు సూచన లేదు, వీడ్కోలు లేదు. పాఠకులు అదిరిపోయారు. అసలు జరిగింది ఏమిటంటే, ఆటలో షెడ్ పాత్ర వేస్తున్న మనిషి ఆడటం మానేశాడు. పాత్రను ఎక్కడో ఒకచోట ఆపాలి. రచయిత ఒంటరిగా కూర్చుని పథకం వేసుకుంటే ఆ చావు అలా రాసేవాడు కాదు. ప్రాణం పోవడానికి కథ తగిన సమయం చూసుకోదన్న నిజం, ఒక మనిషి రావడం మానేయడం వల్ల నవలలోకి వచ్చింది.

అద్దింట్లో కాపురం

ఇంతవరకూ చెప్పింది సంతోషం. దీనికి ఇంకో ముఖం ఉంది.

కంపెనీ లోకంలో రాయడమంటే అద్దింట్లో కాపురం. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. నువ్వు పుట్టించిన పాత్ర నీది కాదు. 1990లలో సాల్వటోర్‌కూ టీఎస్ఆర్‌కూ చెడినప్పుడు డ్రిజ్ట్ నవలను వేరే రచయితతో రాయించారు. అది అచ్చు కాలేదు గాని, అప్పుడు సాల్వటోర్ మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇంటి యజమానికీ కష్టాలొచ్చాయి. దుకాణాల నుంచి నవలలు కుప్పలుగా వెనక్కి వచ్చి, అప్పులు పెరిగి, 1997లో టీఎస్ఆర్ మొత్తంగా విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ చేతికి పోయింది. రెండేళ్లకు ఆ కంపెనీని బొమ్మల వ్యాపారి హాస్‌బ్రో కొనేసింది. ఇల్లు చేతులు మారిన ప్రతిసారీ లోపలి కాపురాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి.

వైస్, హిక్‌మన్‌లకు కూడా ఈ దెబ్బ తగిలింది. కొత్త డ్రాగన్‌లాన్స్ నవలలు మూడు రాయడానికి ఒప్పందం కుదిరాక, కంపెనీ మధ్యలో ఆమోదం నిలిపేసిందంటూ 2020 అక్టోబరులో కోర్టుకెక్కారు. కోటి డాలర్ల పరిహారం అడిగారు. డిసెంబరులో కేసు వెనక్కి తీసుకున్నారు. 2022లో మొదటి నవల, 2024కల్లా మూడోది వచ్చేశాయి. కారులో కూర్చుని కన్న కలలో మళ్లీ అడుగు పెట్టడానికి నలభై ఏళ్ల తర్వాత హిక్‌మన్ కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది.

ఈ బాధ మన దగ్గర లేనిదేం కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా చందమామలో మాంత్రికుల సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. నెల నెలా పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ‘తర్వాత ఏమైంది’ అని ముప్పై రోజులు తపించిపోయేవాళ్లం. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాశారో తెలిసేసరికి మా జుట్టు నెరిసింది. కథను ప్రేమించినవాళ్లకు ఆ కథ రాసిన మనిషి పేరు తెలియకపోవడం అన్యాయం. ఇది గట్టిగానే అంటాను.

బాక్స్: ముగింపు తెలిసిన కథ

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీది ‘వార్‌హామర్ 40,000’. రంగులద్దిన చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే ఆట, 1987లో వచ్చింది. తండ్రి చక్రవర్తి మీద కొడుకు హోరస్ తిరగబడిన యుద్ధం గురించి 1980ల ఆటపుస్తకాల్లో కొన్ని పేరాలు మాత్రమే ఉండేవి. చివర ఎవరు చస్తారో ఆటగాళ్లందరికీ తెలుసు. ఆ కొద్ది పేరాలనే 2006 నుంచి 2024 దాకా పలువురు రచయితలు 60కి పైగా పుస్తకాలుగా పెంచారు. ముగింపు తెలిసి కూడా ఎందుకు చదివారని అడిగితే, రాత్రంతా చాప మీద కూర్చుని రావణ వధ తోలుబొమ్మలాట చూసిన మన ఊళ్లవాళ్లను అడగాలి.

పడవవాడు

నోట్‌బుక్ తిరిగిస్తూ మా అమ్మాయిని ఒకటే అడిగాను. “తలుపు పగలగొడదామని ముందుకు దూకాడు కదా, వాడికంత తొందరెందుకు? మిగతావాళ్లు కిటికీ చూస్తుంటే వాడెందుకు ఆగలేకపోయాడు?”

“ఆడినవాడికి ఆకలేసి ఆట తొందరగా అవ్వాలని దూకాడత్తా” అంది. తర్వాత నవ్వడం ఆపి చాలాసేపు ఊరుకుంది. “లోపల ఏడుస్తున్న గొంతు వాడికి తెలిసిన గొంతయితే?” అని అడిగింది. నేనేమీ అనలేదు. పెన్ను తీసుకుంది.

ఆ పాత్ర పడవ నడిపేవాడు. చిన్నప్పుడు గోదావరి లంకల్లో అమ్మమ్మ ఊరికి వెళ్లిన జ్ఞాపకంతో ఆ స్నేహితుడే తయారు చేసుకున్నాడట. రెండేళ్లు ప్రతి ఆదివారం ఆడాడు. ఈ ఆగస్టులో ఎంఎస్‌కి డల్లాస్ వెళ్తున్నాడు. వీసా వచ్చేసింది. అక్కడ పొద్దయితే ఇక్కడ రాత్రి, ఆట కుదరదు. షెడ్ సంగతి చెప్పాను. “వీణ్ని కూడా అలా చంపెయ్యాలా?” అని అడిగింది. నేను చెప్పగలిగింది కాదది.

పోయిన వారం మళ్లీ చూపించింది. పాత పేజీలు కొట్టేసి ఉన్నాయి. తలుపు ఘట్టం ఇప్పుడు పదకొండు పేజీలు, పాచిక మాట ఒక్కచోట కూడా లేదు. ఏడుస్తున్న గొంతు వాడి చెల్లెలిది. చివరి పేజీలో పడవ రేవు వదిలింది. తెడ్డు ఎవరి చేతిలో ఉందో ఇంకా రాయలేదు. ఆ చోట పెన్సిల్‌తో చిన్న గీత గీసి, పక్కన ఆ అబ్బాయి బయల్దేరే తేదీ వేసుకుంది.